మిట్టమీద పసుపురాయి

మా గుడియాత్తం బజారులో పూర్ణచంద్రను పెళ్ళి ఫోటోల సంగతి అడిగితే ముక్తసరిగా జవాబిస్తాడు. గడ్డిలో పురుగుల సంగతి అడిగారో, మీ బస్సు తప్పినట్టే. ముప్పై ఏళ్ళుగా స్టూడియో నడిపే పెద్దమనిషి తెల్లవారేసరికి ఊరి బయట మిట్టమీద బోర్లా పడుకుని ఉంటాడు. లెన్సు తిరగేసి బిగించి, ఊపిరి బిగబట్టి, చీమ మీసాలు ఫోటో తీస్తాడు. "పొద్దెక్కితే పురుగు నిలవదప్పా, చలికి కదలకుండా ఉండేటప్పుడే తీయాల" అంటాడు. పక్క కొట్టులో లుంగీలమ్మే నాకు అదంతా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఉండేది.

ఆ మిట్ట అతని భార్య ఉమామహేశ్వరి చిన్నతనంలో పసులకు గడ్డి కోసిన చోటు. ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు వేలూరు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటూ నాలుగేసి గంటలు పడుకోవాలి. మిట్ట ఎక్కే ఓపిక ఇక రాదని ఆమెకూ తెలుసు. "ఒక ఏడాదంతా అది ఎట్లుంటాదో నాకు చూపించయ్యా, అది చాలు" అని మొగుణ్ణి అడిగింది.

అతను చాప పరిచినంత నేల ఎంచుకున్నాడు. ఏడాది పొడుగునా అక్కడే తీయాలని పంతం. అయిప్పసి నెల వానల్లో పచ్చటి గొల్లభామ దొరికింది. మార్గళి మంచులో, గడ్డిపోచను నోట కరిచిపట్టుకుని నిద్రపోయే తేనెటీగ దొరికింది. మాసి నెలలో ఎండుగడ్డి రంగు మిడత. ఆమె ఆసుపత్రి మంచం మీద ఆ ఫోటోలను పొట్టమీద పేర్చుకుని చూసేది. "ఈ ముల్లు నా కాల్లో దిగినిందే" అని నవ్వేది. మిగిలింది ఒక్కటే, తొలివానకు మన్నులోంచి వచ్చే ఎర్రటి ఆరుద్ర పురుగు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్న పురుగు అది. అన్నిటికన్నా ఆమె ఎదురుచూసింది దానికోసమే.

పంగుణి ఎండల్లో మేకలవాళ్ళు కొత్త చిగురు కోసం గడ్డికి నిప్పు పెడతారు. పూర్ణచంద్రకు దిగులు పట్టుకుంది. ఉపాయం చెప్పింది నేనే. "ఒక రాయి నాటి పసుపు పూయి. మనోళ్ళు నిప్పు పెట్టరు, మేకను కూడా తోలరు" అన్నాను. ఇంత తెలివి పెట్టుకుని లుంగీలెందుకు అమ్ముతున్నానా అని కూడా అనుకున్నాను. చెప్పినట్టే ఆ ఏడు మంట రాయి దగ్గరికి రాలేదు.

మంట రాలేదు గానీ మనుషులు వచ్చారు. ఎవరో వేపమండ పెట్టారు. పూలమ్మే అంజలై కర్పూరం వెలిగించింది, ఆమె మనవడికి జ్వరం తగ్గింది. ఇక చెప్పాలా? ఆ సమయానికి ఉమామహేశ్వరికి ఒళ్ళు బాగాలేక వాళ్ళిద్దరూ మూడు వారాలు వేలూరులోనే ఉండిపోయారు, నేనూ కొట్టు వదిలి అటు పోలేదు. తిరిగొచ్చేసరికి రాయి చుట్టూ గడ్డిని వేళ్ళతో సహా పెరికి సిమెంటు వేశారు. బండ్లు ఆపడానికి మిట్టంతా చదును చేసి కంకర పోశారు.

"నేనే పెట్టినానని చెప్పు వాళ్ళకి" అని పూర్ణచంద్ర మీద అరిచాను.

"యాడ చెప్పేదప్పా? మొక్కుకుంటా ఉండారు" అన్నాడు.

ఆని నెలలో తొలివాన పడింది. పూర్ణచంద్ర కాట్పాడి పక్కన పాలారు ఏటి ఒడ్డున ఆరుద్ర పురుగును పట్టి, ఫోటో తీసి, దాన్ని ఆసుపత్రిలో ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఎంతోసేపు చూసింది.

"పురుగు అదే. మన్ను మనది కాదే. మన మిట్ట ఎర్రన, ఇది ఇసక."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమెకు అబద్ధం చెప్పడం అతనికి అలవాటు లేదు. రాయి సంగతి, సిమెంటు సంగతి అంతా చెప్పి, ఆ మంచం పక్కనే కూర్చుని ఏడ్చాడు. ఆమె అతని తల నిమిరింది.

"పరవాయిల్లే. నువ్వు పెట్టిన సామే గదా, నీ మాట వింటాదేమో. నన్ను ఇంకొక వాన చూడనీమని అడుగుపో."

పూర్ణచంద్ర ఏ గుడిలోనూ చేతులు జోడించగా నేను చూడలేదు. ఆ శుక్రవారం నాతోపాటు మిట్టకు వచ్చాడు. చెప్పులు విప్పి, ఆడవాళ్ళ వెనక వరుసలో నిలబడ్డాడు. తాను పసుపు పూసిన రాయి ముందు తానే కళ్ళు మూసుకున్నాడు. నాకు నా తెలివిమీద అసహ్యం వేసింది.

ఉమామహేశ్వరి ఆవణి నెల దాటలేదు.

కర్మ అయిన మర్నాడు నేను గడ్డపార తీసుకుని బయలుదేరాను. ఆ రాయిని పెరికి పాలారు ఏట్లో పడేస్తే తప్ప నాకు నిద్ర పట్టదనిపించింది. పూర్ణచంద్ర స్టూడియో మెట్లు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దప్పా. ఆమెను బతికించమని నేను నోరు తెరిచి అడిగిన తావు అదొకటే ఉండాది."