నాచారం దొంగతో పత్తాలాట

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. నేను ఒకసారి ఒక దొంగతో కలిసి పేకాట ఆడాను. అతను నాచారంలో, నేను చిల్కానగర్‌లో మా ఇంట్లో మంచం మీద. ఒక్క మాట లేదు, మొహాలు చూసుకున్నది లేదు. ఆట మంచి రసపట్టులో ఉండగా నేను చేసిన ఘనకార్యానికి నా ఉద్యోగం, మా కంపెనీకి వచ్చిన పెద్ద ఆర్డరు, రెండూ ఒకే ఆటోలో వెళ్ళిపోబోయాయి. ఎలాగో చెబుతాను. నవ్వాలనిపిస్తే చివరిదాకా ఆగి నవ్వండి. మధ్యలో నవ్వితే నేను సిగ్గుపడి ఆపేస్తాను.

మాది నాచారంలో మిఠాయి డబ్బాలు తయారుచేసే చిన్న కంపెనీ. వెనక షెడ్డులో మిషన్లు, ముందు ఒక గది. గదిలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, నేను. డబ్బాల మీద అచ్చయ్యే బొమ్మలూ పేర్లూ కంప్యూటరులో అమర్చడం నా పని. నాకు మాట్లాడటం కన్నా రాయడం తేలిక, రాయడం కన్నా చదవడం తేలిక, అన్నిటికన్నా ఊరికే కూర్చోవడం తేలిక. అందుకే ఆ గది నాకు స్వర్గంలా ఉండేది.

అలాంటి రోజుల్లో అమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. పిండికట్టు వేశారు. బాత్రూం దాకా నడవాలన్నా పక్కన మనిషి ఉండాలి. ఇంట్లో ఆ మనిషిని నేనొక్కదాన్నే. ఇంటి నుంచి పని చేస్తానని అడగక తప్పలేదు. అడగాల్సిన వాక్యాన్ని అద్దం ముందు సాధన చేసి మరీ వెళ్ళి మా యజమాని రాజలింగం సార్ ముందు నిలబడ్డాను.

"సార్, అమ్మ కాలు బాగయ్యేదాంక ఇంటికాడికెల్లి పని జేస్త."

"డబ్బాలు ఇంట్ల జేస్తవా?"

"డబ్బాలు కాదు సార్, కంప్యూటర్ పని."

"కంప్యూటర్ ఇంటికి తీస్కపోతవా? ఆటోల పడ్తదా అది?"

"అది ఈడ్నే ఉంటది సార్. నేను ఇంటికాడికెల్లి దాంట్లకు వస్త."

సార్ నన్నొకసారి, కంప్యూటరునొకసారి చూశారు. ఇంత పిల్ల అందులో ఎక్కడ పడుతుందా అని కొలుస్తున్నట్టుంది ఆ చూపు.

"సరే, రేపు ఒక్కరోజు సూద్దాం," అన్నారు చివరికి. "ఉప్పల్ మిఠాయి దుకాన్ సేటుకు రేపు మూడింటిలోపట డిజైన్ పోవాలె. పోయిందనుకో, అమ్మ లేచి తిరిగేదాంక నువ్వు ఇంటికాడ్నే ఉండు. పోలేదనుకో, గాయన ఇంకో కంపెనీకి పోతడు, నేను ఇంకో పిల్లను ఎతుక్కుంట. ఏం జేస్త బిడ్డా, నాకు గూడ తప్పది."

ఆ సాయంత్రమే ఏర్పాట్లు చేశాను. దూరం నుంచి కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేర్‌ను ఆఫీసు కంప్యూటరులోనూ, నా పాత ల్యాప్‌టాప్‌లోనూ వేశాను. ఒక్కోదానికి ఒక్కో పొడుగాటి నంబరు, ఒక్కో పాస్‌వర్డు. ఇంటికెళ్ళి పరీక్షించబోయి రెండు నంబర్లూ తారుమారు చేశాను. నా ల్యాప్‌టాప్ నుంచి నా ల్యాప్‌టాప్‌కే కలపమని చాలాసేపు బతిమాలాను. అద్దంలో నన్ను నేను చూసి "మీదే ఊరండీ" అని అడుగుతున్నట్టు ఉండి ఉంటుంది దానికి. తప్పు తెలుసుకుని సరైన నంబరు కొట్టగానే, ఆఫీసు తెర మొత్తం నా తెర మీద ప్రత్యక్షమైంది. నేనిక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదులుతోంది. నాకు రెక్కలొచ్చినట్టయింది.

అంతకుముందే, ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు సార్‌కు ఒకటికి రెండుసార్లు చెప్పాను. "రేపు ఈ కంప్యూటర్‌ని ఎవరు ముట్టొద్దు సార్."

"ఎవరు ముడ్తరు? నాకైతే దాన్ని ఎటుదిక్కుకెల్లి సూడాలెనో గూడ తెల్వది," అన్నారాయన.

తెల్లారి అమ్మకు టిఫిన్ పెట్టి, ఆఫీసు కంప్యూటరులోకి వెళ్ళి డిజైన్ తెరిచాను. దుకాణం పేరు కొంచెం కిందికి జరపాలి, అంతే. జరపబోతుంటే బాణం నా చేతిలోంచి జారిపోయింది. చెయ్యి వణికిందేమోనని వెనక్కి తెచ్చాను. మళ్ళీ వెళ్ళిపోయింది. నేను ఇటు లాగితే అది అటు లాగుతోంది. ఇంతలో డిజైన్ కిందికి దిగిపోయి, దాని స్థానంలో ఆకుపచ్చ బల్ల, దాని మీద ఒక్కరే కూర్చుని ఆడుకునే పేకాట ముక్కలు వరుసగా పరుచుకున్నాయి.

నేను మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. అయినా ముక్కలు కదులుతున్నాయి.

"అమ్మా, ఆఫీసు కంప్యూటర్లకు ఎవడో దొంగ జొర్రిండు."

"తలుపు పగలగొట్టిండా?"

"తలుపుకెల్లి కాదమ్మా, ఇంటర్నెట్‌కెల్లి."

"ఏం ఎత్తుకపోతుండు?"

"ఏం ఎత్తుకపోతలేడు. పత్తాలాడుతుండు."

అమ్మ దిండు సర్దుకుంది. "పనిలేనోడు గావొచ్చు. నువ్వు జర చాయ్ పెట్టు."

నేను చదివిన అపరాధ పరిశోధన నవలలకు లెక్కలేదు. వాటిలో దొంగలు వజ్రాలు ఎత్తుకెళ్ళారు, వీలునామాలు మార్చారు. మిఠాయి డబ్బాల కంపెనీలో జొరబడి తీరిగ్గా పేకాడుకునే దొంగ ఒక్కడూ తగల్లేదు. ఆట మూసేశాను. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూసేశాను. మళ్ళీ తెరిచాడు. పంతం గల మనిషి.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ దొంగకు ఆట సరిగ్గా రాదు. ఆటీన్ జాకీ ఎదురుగా ఉంది, ఇస్పేటు పది చేతికందేలా ఉంది. పదిని తీసి జాకీ మీద పెడితే ఆట దానంతటదే తెరుచుకుంటుంది. అతను మాత్రం బాణాన్ని తెరంతా తిప్పుతున్నాడు, బస్సు నంబరు మరిచిపోయి ఉప్పల్ చౌరస్తాలో దిక్కులు చూసే మనిషిలా. చూసి చూసి నా వల్ల కాలేదు. పదిని తీసి జాకీ మీద పెట్టేశాను.

బాణం ఆగిపోయింది.  తర్వాత మెల్లగా తొమ్మిదిని తెచ్చి ఆ పది మీద పెట్టాడు. నేను ఎనిమిది పెట్టాను. అతను ఏడు. మీతో కాబట్టి చెబుతున్నాను, జీవితంలో మొదటిసారి ఒక కొత్త మనిషితో నాకు ఏ మొహమాటమూ కలగలేదు. ఆట మీద ఆట ఆడి, చివరికి గెలిచాం. ముక్కలన్నీ తెర మీద ఎగిరి గంతులేశాయి. నేను చిన్నగా చప్పట్లు కూడా కొట్టాను.

ఆ తర్వాత గడియారం చూశాను. ఒంటిగంట దాటింది.

డిజైన్ పైకి తెస్తే అతను కొత్త ఆట పంచుతున్నాడు. నేను దుకాణం పేరు పట్టుకుంటే అతను నా బాణం పట్టుకుంటున్నాడు. గుండె దిటవు చేసుకుని సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, మీరు యాడున్నరు?"

"నేనా? నేను... షెడ్డుల ఉన్న. ఎందుకు?"

"మన కంప్యూటర్ల దొంగ ఉన్నడు సార్. పొద్దటికెల్లి పత్తాలాడుతుండు."

అటువైపు ఏదో కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది.

"నీకెవరు జెప్పిన్రు?"

"కనవడుతుంది సార్."

"యాడికెల్లి?"

"ఇంటికాడికెల్లి."

"మీ ఇంటికాడికెల్లి నాచారం కనవడతదా?"

"కంప్యూటర్ కనవడతది సార్. వానికి ఆట గూడ సక్కగ రాదు. జాకీ మీద పది పెట్టుడు గూడ తెల్వది. మస్తు ఖరాబ్ ఆడుతుండు."



"గంత ఖరాబా?" అన్నారు సార్ నీరసంగా. "సరే, నువ్వు ఫికర్ జెయ్యకు. దొంగను నేను సూస్కుంట."

సార్ దొంగ సంగతి చూసేదాకా ఆగితే మూడు దాటిపోయేలా ఉంది, అప్పుడే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కంప్యూటరును ఆపేస్తే దొంగ ఆట కట్టు. నొక్కేశాను. తెర నల్లబడింది. విజయగర్వంతో మంచానికి చేరగిలబడ్డాను. వెంటనే ఫోన్ మోగింది.

"బిడ్డా, కంప్యూటర్ సచ్చిపోయింది."

"నేనే బంద్ జేసిన సార్. దొంగ పోయిండు."

"మంచిగైంది. మరి నువ్వు యాడికెల్లి వస్తవ్ లోపటికి?"

అప్పుడర్థమైంది నాకు. దొంగతోపాటు నన్ను కూడా నేనే బయటికి గెంటేసుకున్నాను. ఆరిపోయిన కంప్యూటరులోకి ఇంటి నుంచి వెళ్ళే దారి లేదు. మీట ఎక్కడుందో ఫోన్లో చెప్పబోయాను. సార్ దేన్ని నొక్కారో గానీ ఫ్యాన్ ఆగిపోయిందన్నారు. రెండోసారి నొక్కింది ప్రింటరుది. ఇక లాభం లేదని పక్కింటి ఆంటీని అమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఆటో ఎక్కి నాచారం పరుగెత్తాను.

వెళ్ళేసరికి సార్ నా కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి లేచారు గానీ కుర్చీ ఆయన ఆకారానికి బాగా అలవాటు పడినట్టు కనిపించింది. నేను వగరుస్తూనే కంప్యూటరు ఆన్ చేసి, పేరు జరిపి, డిజైన్ పంపించాను. మూడింటికి ఇంకా కొంచెం టైముంది. అందిందని సేటు నుంచి జవాబు రాగానే ఊపిరి పీల్చుకుని అన్నాను, "దొంగ మల్లొస్తే ఎట్ల సార్? ఆట రాకున్నా ఇడిశిపెట్టే రకం కాదు వాడు."

సార్‌కు ఇక ఓపిక నశించింది.

"ఆట రాక కాదు బిడ్డా," అన్నారు. "అద్దాలు ఇంట్ల మర్శిపోయి వచ్చిన. పది సక్కగ కనవడలే."

షెడ్డులో అన్నం వేళ పత్తాలు ఆడారని మొన్ననే అందరినీ వరుసలో నిలబెట్టి తిట్టిన మనిషి. ఆ పెద్దమనిషి చెవులు ఎర్రబడటం నేను చూశాను. నావి అంతకన్నా ఎర్రబడ్డాయి. మస్తు ఖరాబ్ ఆడుతున్నాడని చెప్పిన నోటిని ఏ సంచిలో దాచుకోవాలో తెలియక కీబోర్డులోని అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ నిలబడ్డాను.

"మరి ముక్కలు వాటికవే కదులుతుంటే బయం గాలేదా సార్?" అని నేల చూపులతో అడిగాను.

"కంప్యూటర్ల నాకు గా ఆట తెరుసుడొక్కటే వస్తది, అదే నేర్పుతుందేమో అనుకున్న. మంచిగ నేర్పుతుందని ఖుషీ గూడ అయిన."

ఆ క్షణాన ఆ కంప్యూటరు సాక్షిగా, అందులోని నలుగురు రాణుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ దొంగనైనా ముందు పేరు, ఊరు, కొలువు అడిగి తెలుసుకోనిదే అతని ముక్క ముట్టను, అతని ఆటకు వంక పెట్టను.

బ్యాగు భుజానికేసుకుని, రేపటి సంగతి అడగాలా వద్దా అని గుమ్మం దగ్గర తచ్చాడుతున్నాను. సార్ షెడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"రేపటిసంది ఇంటికాడ్నే ఉండు బిడ్డా, అమ్మను మంచిగ సూస్కో. గానీ కంప్యూటర్లకు వచ్చేటప్పుడు జర తలుపు కొట్టి రా."