నీడకు పెట్టిన ఆకు

ఎదురింటి ఖాలా, మన మాటలో పిన్నమ్మ, శుక్రవారం పొద్దున పోయింది. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత రాయడం ఇదే మొదటిసారి. నేను చేయబోయిన తప్పు ఆమె ఒక్కతెకే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆమె లేదు గనక కాగితం మీద పెడుతున్నాను.

బోధన్‌లో మా ఆయనకు చక్కెర ఫ్యాక్టరీ పని పోయాక నిజామాబాద్ వచ్చి ఈ గల్లీలో ఇల్లు తీసుకున్నాం. గల్లీ మధ్య మురుగు పారే మోరీకి ఇటు మేము, అటు ముసల్మానులు. దొంగలంతా అటు నుంచే వస్తారని ఇటువాళ్లు మొదటిరోజే చెప్పారు. నమ్మాను. ఉక్కపోసినా తలుపు గడియ పెట్టుకునే బీడీలు చుట్టేదాన్ని. ఖాలా మాత్రం మోరీకి అటు తన వాకిట్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మా ఇద్దరిదీ ఒకటే కార్ఖానా. అక్కడ బీడీలు అప్పజెప్పే వరసలో నా కట్టలు చూసి, "నీ బీడీలు గూడ నీ లెక్కనే భయంతోని ముడుసుకున్నయి బిడ్డా" అని నవ్వేది. నేను మొహం తిప్పుకునేదాన్ని.

ఒక శనివారం హనుమాన్ గుడికి పోయే తొందరలో, బీడీలకు నానబెట్టిన తునికాకు కట్టను అరుగు మీదే వదిలేశాను. వచ్చేసరికి లేదు. ఖాలా కొడుకు ఆటో ఆ పూట మా అరుగు దగ్గర ఆగిందని ఇరుగుపొరుగు ఆడవాళ్లు అన్నారు. పోలీసు ఠాణాలో అతని పేరు చెప్పమన్నారు. అంతకుముందు అటువైపు ఒకతన్ని పోలీసులు అలాగే తీసుకుపోయారు. తప్పు లేదని తేలి తిరిగొచ్చేసరికి అతని పని పోయింది. అది తెలిసీ ఠాణాకు పోదామని నేను చెప్పులు వేసుకున్నాను.

మోరీ దాటకముందే ఖాలా ఎదురొచ్చింది. చేతుల్లో తడిసిన ఆమె దుపట్టా మూట. అందులో నా ఆకు.

"ఎండల వెట్టి పోయినవేంది? ఎండితే కత్తెరకు పలుగుతది గదా. నీడకు పెట్టిన," అంది.

ఆంజనేయస్వామే ఆమెను పంపాడనుకున్నాను. మరునాటి నుంచి నేనూ వాకిట్లోనే కూర్చున్నాను. దారం బిగించడం, కొసలు మడవడం మళ్లీ మొదటి నుంచి నేర్పింది. ఠాణాకు బయల్దేరిన మాట మాత్రం ఏళ్ల తరబడి ఆమెకు చెప్పలేదు.

ఆమె మంచం పట్టాక ఒకరోజు చెప్పేశాను. ఖాలా నా చెయ్యి వదల్లేదు.

"నాకెర్కే బిడ్డా. మీ అరుగు కాడి మాటలు ఇనవడ్డయి. గందుకే తినే బువ్వ ఇడిసిపెట్టి ఉరికొచ్చిన."

ఆ రోజు నా గుండె మీది బరువు దిగింది. చెప్పకుండానే ఆమెను సాగనంపి ఉంటే ఈ పేజీ రాయగలిగేదాన్ని కాదు.

నిన్న ఆమె కొడుకు చాట తెచ్చిచ్చాడు. "అమ్మ నీకే ఇయ్యమన్నదక్కా" అన్నాడు. ఇప్పుడది నానబెట్టిన ఆకుతో, తెరిచిన తలుపు పక్కన, తడిబట్ట కప్పుకుని నీడలో ఉంది. నేను అతని పేరు చెప్పడానికి ఠాణాకు బయల్దేరిన సంగతి అతనికి తెలియదు. ఈ కాగితాలు ఎవరి చేతికొచ్చినా చింపకండి, దాచండి. అతనికి మాత్రం చూపించకండి.