ఆరు మిల్లీమీటర్ల ప్రళయం

ఇంజనీర్లు భవనాలు కూల్చిన కథలు మీరు చాలా విని ఉంటారు. నేను ఏదీ కూల్చలేదు. నిక్షేపంగా నిలబడి ఉన్నదాన్ని కూలిపోయిందని ప్రకటించి, మేనమామను కూలబెట్టి, నా ఉద్యోగానికి నేనే పిండం పెట్టుకున్నాను. కూల్చడం ఎవరైనా చేస్తారు. దీనికి ప్రత్యేక ప్రతిభ కావాలి.

రాజాంలో మా సింహాచలం మావయ్యకు ధాన్యం మిల్లుంది. కోతలు మొదలయ్యేలోగా అక్కడ తడి ధాన్యం ఆరబెట్టే పెద్ద యంత్రం బిగించాలి. లేకపోతే ఆ ఏడు రైతులంతా పక్క మిల్లుకు పోతారు. చిక్కేమిటంటే మిల్లు వెనక నేల మెత్తన, షెడ్డు కప్పేమో పొట్టి. లావుపాటి పునాదులు దించే యంత్రం లోపలికి రాదు. అందుకని మైక్రోపైళ్ళు వేశాం. జానెడు వెడల్పు బెజ్జం, పదిహేను మీటర్ల లోతు, మధ్యలో ఇనప కడ్డీ, చుట్టూ సిమెంటు పాలు. ఏనుగును అగరుబత్తీల మీద నిలబెట్టడమన్నమాట. డిజైను నాదే. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. అంటే నాకు తెలియనిది ఏదీ లేని వయసు.

"ఒరే అల్లుడూ, ఇది దిగిపోదు కదా?" అన్నాడు మావయ్య.

"నువ్వుగింజంత కూడా కదలదు మావయ్యా!"

ఇంజనీరు అనకూడని మాట ఇదొక్కటే. ఏరి ఏరి అదే అన్నాను.

యంత్రం లారీలో బయలుదేరిన రోజే ఒక పైలుకు బరువు పరీక్ష పెట్టాం. పైలు మీద ఇనప దూలాలతో మంచె కట్టి, దాని మీద మావయ్య సొంత ధాన్యం బస్తాలే ఐదు వందల పైచిలుకు పేర్చాం. పైలు తలకూ మంచెకూ మధ్య జాకీ. జాకీ కొడుతుంటే బస్తాల బరువు పైలు మీదికి వస్తుంది. పైలు ఎంత దిగిందో పక్కనున్న గడియారం లాంటి పరికరంలో ముల్లు మిల్లీమీటర్లలో చూపిస్తుంది. చూడ్డానికి సగం వీధి వచ్చింది. మా అత్త బూరెలు కూడా వండింది. పైలుకు పెళ్ళి అనుకున్నారేమో.

ముల్లు ఒకటి దాటింది. రెండు దాటింది.

"ఏటిరా, ముల్లు తిరుగుతున్నాది?"

"గడియారం కదా మావయ్యా, తిరుగుతుంది."

నాలుగు. నా చొక్కా తడిసింది. పూర్తి బరువు దగ్గర ఆరు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను తీయించిన గొయ్యి జానెడే కావడంతో పడే వీలు లేక అలాగే నిలబడ్డాను.

"మావయ్యా," అన్నాను, గొంతులో గద్గదం కలిపి. "పైలు ఫెయిలైంది. ఆరు మిల్లీమీటర్లు కుంగిపోయింది. తప్పంతా నాదే."

"ఆరంటే ఎంతరా?" అంది అత్త.

వేళ్ళతో చూపించాను.

"ఇంతేనా! దీనికా ఏడుపు? మన గుమ్మం ఇంతకన్నా ఎక్కువే కుంగినాది."

"అత్తా, ఇది సైన్సు."

సైన్సు అనగానే మావయ్య మొహం నెత్తురుచుక్క లేకుండా అయిపోయింది. లారీ డ్రైవరుకు ఫోను చేశాడు. "బాబూ, ఎక్కడున్నావు? సీపురుపల్లా? బండి ఎనక్కి తిప్పీ. పునాది పోనాదట. మా మేనల్లుడు, ఇంజినీరు, ఆడే సెప్పినాడు." ఫోను పెట్టేసి బస్తా మీద కూలబడ్డాడు. నేను ఊరుకోవచ్చుగా? వైజాగులో ఉన్న మా సారుకు 'నైతిక బాధ్యత వహిస్తూ' అని మొదలుపెట్టి, ఆరు మిల్లీమీటర్ల సంగతీ రాసి రాజీనామా వాట్సాప్ చేశాను. మంత్రులు కూడా అంత తొందరపడరు.

బస్తాలు దింపాలంటే ముందు జాకీ వదలాలి. వదిలారు.

"బాబూ," అన్నాడు కళాసీల మేస్త్రి అప్పన్న, "ముల్లు ఎనక్కొస్తన్నాది."

"పాడైపోయుంటుందిలే."

నాలుగు. రెండు. చివరికి అర దగ్గర ఆగింది.

"నెత్తిన బస్తా పెడితే నా మెడా కుంగుతాది బాబూ," అన్నాడు అప్పన్న. "దించితే లెగుస్తాది. అంతమాత్రాన అప్పన్న బూవిలోకి దిగిపోనాడని ఊరంతా సాటేత్తారేటి?"

అప్పుడే సారు ఫోను. కంగారులో స్పీకరు నొక్కాను. సగం వీధీ చెవులు రిక్కించింది.

"రాజీనామా సంగతి తర్వాత. నీ డిజైను రిపోర్టులో పదకొండో పేజీ తీసి పైకి చదువు."

చదివాను. "పొడవాటి సన్నని పైలు కాబట్టి పూర్తి బరువు కింద సుమారు ఆరు మిల్లీమీటర్లు కుదించుకుంటుంది. ఇది కుంగిపోవడం కాదు. బరువు తీయగానే తిరిగి లేస్తుంది. తెలియనివారు చూసి కంగారు పడే అవకాశం ఉంది కనుక..." అక్కడ ఫోను చెవికి దూరంగా పెట్టాను.

"ఊఁ, చదువు."

"...వారికి ముందుగానే నచ్చజెప్పవలెను."

"ఎవరు రాశారు?"

"నేనే సార్."

అత్త నవ్వడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మావయ్య ఏదీ అడ్డం పెట్టుకోలేదు. "ఒరే, ముందు ఆ లారీని ఆపరా!" అని బండి తాళాలు నా మీదికి విసిరాడు. డ్రైవరు ఫోను ఎత్తడం లేదు. రాజాం నుంచి చీపురుపల్లి దాకా, ఎదురొచ్చిన ప్రతి లారీకీ దండం పెట్టుకుంటూ పోయాను.

చీపురుపల్లిలో రోడ్డు పక్కన యంత్రంతో సహా లారీ ఆగి ఉంది. వెనక్కి తిరగనే లేదు. డ్రైవరు తాపీగా టీ తాగుతున్నాడు.

"అన్నా, పునాది బాగానే ఉంది! పోనీ, పోనీ!" అని ఆయాసపడ్డాను. "మావయ్య తిప్పమన్నా తిప్పలేదేం?"

"తిప్పుదునే," అన్నాడతను గ్లాసు దించకుండా. "ఇంజినీరు సెప్పినాడని అన్నాడు కదా మీ మావ. అయితే ఇంకో గంటలో మాట మారతాదని ఆగినాను."

పాఠకులారా, ఆ రోజు కదలాల్సింది కదిలింది, లేవాల్సింది లేచింది, ఆగాల్సింది ఆగింది. లెక్క తప్పింది నేనొక్కణ్ణే. కాబట్టి ఇందుమూలంగా యావన్మంది ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ప్రళయమైనా సరే, బరువు దించాకే ఏడుస్తాను. అదీ నేను రాసిందేమిటో నేను చదువుకున్న తర్వాతే.