ఆకుపచ్చలో దొరికిన బొట్టు

మద్రాసు తొండియార్‌పేటలో మా నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. తొంభైలు ముగిసే రోజులవి. వచ్చినవాళ్ళంతా రంగుల ఫోటోలే అడుగుతున్నా, ఫోటో అంటే నలుపు తెలుపే అని నాన్న పట్టు. అయితే ఏళ్ళ తరబడి డార్క్‌రూమ్‌లో ఫోటోలు కడిగే మందుల ఘాటుకు ఆయన కళ్ళు దెబ్బతిన్నాయి. ఇక ఆ గదిలోకి అడుగు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. గదికి తాళం పడిన రోజు నాన్న అన్నం సరిగా తినలేదు.

నేను కంప్యూటర్ క్లాసుల్లో పాఠాలు చెప్పేదాన్ని. నా జీతంతో బర్మా బజారులో డిజిటల్ కెమెరా కొన్నది అందుకే. మందులూ వద్దు, చీకటీ వద్దు, నలుపు తెలుపు ఫోటో నేను తీసి చూపిస్తానన్నాను. నాకు పొగరని మా వీధిలో పేరు. కాదనను. నాన్న నమ్మలేదు కానీ ఒక అవకాశం ఇచ్చారు. ఒక్క ఆర్డరు దాంతో చేయమన్నారు. తీయించుకున్నవాళ్ళు మెచ్చుకుంటే స్టూడియోలో నా కెమెరాకు చోటు ఉంటుంది, లేకపోతే ఇక దాని మాట ఎత్తకూడదు.

ఆ ఆర్డరు ఒక పప్పుల వ్యాపారిది. నలభై ఏళ్ళ కిందట ఆ దంపతుల పెళ్ళి ఫోటో తీసింది నాన్నే. ఇప్పుడు ఆయనకు షష్టిపూర్తి అయింది. ఆ పెళ్ళి ఫోటో పక్కనే తగిలించుకోవడానికి అలాంటిదే, నలుపు తెలుపులో కావాలన్నారు. ఆయన భార్య బాగా నలుపు. నుదుట రూపాయి కాసంత ఎర్రటి కుంకుమ, రెండు వైపులా ముక్కుపుడకలు. కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆయన పక్కన నిలబడ్డాడు.

కంప్యూటర్ రంగుల ఫోటోను ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా విడదీసి చూపిస్తుంది. ఒక్కో పొరా దానికదే ఒక నలుపు తెలుపు ఫోటో. ఎరుపు పొరలో ముఖాలు తెల్లగా వస్తాయి. ముఖం తెల్లగా చేసి ఇవ్వడమే మా స్టూడియోల్లో మొదటి పాఠం. నాన్న నెగటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో గీసి ఎంతమందికి తెలుపు పంచిపెట్టారో చెప్పలేను. నెగటివ్ మీద పెన్సిల్ పడిన చోటు ఫోటోలో తెల్లగా వస్తుంది. ఈమె పెళ్ళి ఫోటో మీదైతే రెండు రోజులు కూర్చున్నానని గొప్పగా చెప్పుకునేవారు. నేను ఆ పని ఒక్క నిమిషంలో చేసేశానని మురిసిపోతూ ఎరుపు పొరనే ప్రింట్ తీసేశాను. నాన్న కళ్ళకు వివరాలు ఆనవు. నేనేమో ముఖం తెలుపు ఒక్కటే చూశాను.

మర్నాడు పొద్దున ఆమె ఫోటోను గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి చూసింది. చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయింది.

“ఆయన పక్కనే నిలబడుండారు గదా పాపా. నా బొట్టు యాడ?”

ఫోటో అందుకుని చూశాను. ఎరుపు పొరలో చర్మంతో పాటే ఎర్రటి కుంకుమా తెల్లబడి కలిసిపోయింది. ఆమెను తెల్లగా చేయబోయి, భర్త పక్కన ఉండగానే బొట్టు చెరిపేశాను. తెలుగింట్లో పుట్టి, ఫోటోల మధ్య పెరిగి చేసిన పని అది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాన్న వాళ్ళకు క్షమాపణ చెప్పి, సాయంత్రం రమ్మని పంపించారు. నన్ను తిట్టలేదు. తాను నలభై ఏళ్ళ కిందట బొట్టుకు పెన్సిల్ తగలకుండా చుట్టూ గీశానని మాత్రం అన్నారు. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది. బ్రష్‌తో ఒక నల్ల చుక్క పెట్టి ఇచ్చేయమన్నారు, కెమెరా సంగతి అంతటితో సరి. నాకు ఒళ్ళు మండింది. ఆమె పెట్టుకొచ్చిన బొట్టు ఫోటోలోనే ఎక్కడో ఉంది, దాన్ని వెతకడం మానేసి దొంగ చుక్క పెట్టడమేమిటి?

మిగిలిన పొరలు తెరిచి చూశాను. ఆకుపచ్చలో దొరికింది. నుదుటి మధ్య గుండ్రంగా, ముఖం కన్నా నల్లగా, కుదురుగా నిలబడి ఉంది. ముక్కుపుడకల రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. కళ్ళ కింది ముడతలూ, బుగ్గల మీది నిగనిగలూ అన్నీ ఉన్నాయి. అయితే ఆకుపచ్చ పొర ఎవరినీ తెల్లగా చేయదు. ఆమె ఉన్నంత నలుపూ అందులో ఉంది.

నాన్న భూతద్దం పెట్టి చూశారు. ఇంత నల్లగా ఇస్తే ఆమె ఏడుస్తుందన్నారు, ఏ ఆడమనిషీ తీసుకోదన్నారు. నాకూ భయం వేసింది. కానీ అంత మంచి ఫోటో మా స్టూడియోలో అంతవరకు ఎవరూ తీయలేదని నాకు తెలుసు. మార్చనన్నాను.

సాయంత్రం ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో బొట్టును తాకింది, తర్వాత బుగ్గను. భర్త వంగి చూసి నవ్వాడు.

“నలభై ఏండ్లుగా మా గోడ మీద ఎవురో తెల్లామె ఉండాది,” అంది ఆమె. “చూసినోళ్ళంతా అదెవురని అడగతానే ఉండారు. ఇదిదా నేను.”

ఆ తెల్లామెను చేసిన మనిషి ఎదురుగానే ఉన్నాడని ఆమెకు ఆ క్షణంలో గుర్తు లేదు. నేను నాన్న వైపు చూడలేకపోయాను. ఫోటో గెలిచింది, కానీ ఆయన రెండు రోజుల పని ఒక్క మాటతో పోయింది. నాన్న కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

“ఆ నెగటివ్ ఇంకా నా దగ్గరే ఉండాదమ్మా. మీదుండేది ఒట్టి పెన్సిలే, తుడిస్తే పోతాది. నేను తుడిచిస్తా. మా పాప ఆ నెగటివునే తన కెమెరాతో తీసి, కంప్యూటర్లో తిరగేసి మీ పెండ్లి పోటో మీకిస్తాది.”