గడప ఇవతల మూడు ముగ్గు గీతలు

పార్కిన్సన్స్ జబ్బున్నవాళ్లలో కొందరు మా ఆసుపత్రి వరండాలో బాగానే నడుస్తారు. ఇంటికెళ్లాక గడప దగ్గర నిలబడిపోతారు, కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు. ఎందుకో తేల్చడమే నా పరిశోధన. న్యూరాలజిస్టును కదా అని కుర్చీలో కూర్చుంటే తేలే విషయం కాదిది, ఇళ్లకు వెళ్లి చూడాలి. అందుకే మొన్న మా పేషెంటు అంజయ్యగారిని చూడ్డానికి బొల్లాపల్లి దగ్గర ఒక ఊరికి బయల్దేరాను.

నరసరావుపేటలో ఆరింటికి పల్లెవెలుగు ఎక్కి వినుకొండలో దిగి, షేర్ ఆటో పట్టుకున్నాను. బస్సుకు డెబ్భై, ఆటోకు యాభై రూపాయలు. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి, ఆటోలో అందరం తుమ్ముకుంటూనే వెళ్లాం. అంజయ్యగారింటికి అనగానే డ్రైవరు నిట్టూర్చాడు. "ఆయన టీ కొట్టుకు రాక ఆర్నెల్లయిందమ్మా. రాజకీయం చెప్పేవాడే లేడు, కొట్టు చానా చప్పబడింది."

అంజయ్యగారి కోరిక కూడా అదే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా టీ కొట్టుకు వెళ్లాలని. కానీ మందు పట్టు సడలి నలుగురిలో ఎక్కడ నిలబడిపోతానో అని భయం.

కాళ్లు మొరాయించేటప్పుడే చూడాలి, పొద్దున మాత్ర ఆపమని ఫోన్‌లో మరీమరీ చెప్పాను. తీరా తొమ్మిదింటికి వెళ్తే ఆయన ఇస్త్రీ చొక్కాలో దర్జాగా ఎదురొచ్చారు. మాత్ర వేసేశారు! "డాక్టరమ్మ ఇంటికొస్తే వణుక్కుంటా ఎదురొచ్చేదేంది?" అన్నారు ఆయన భార్య కోటేశ్వరమ్మగారు. ఆ మర్యాద ముందు నా పరిశోధన ఎంత! మందు పట్టు సడలేదాకా ఇడ్లీ, కారప్పొడి తింటూ కూర్చున్నాను.

పదకొండు దాటాక ఆయన బయటికి రాబోయి గడప దగ్గర ఆగిపోయారు. నుదుటి మీద చెమట. "ఇంక ఇంతేనమ్మా నా బతుకు" అన్నారు. నాకు మనసు చివుక్కుమంది. చెరో చెయ్యి పట్టుకుని గడప దాటించి వదిలాం. ఎదురుగా వాకిట్లో ముగ్గు. ఆయన కాలెత్తి దాన్ని ఒంటరిగా, చక్కగా దాటేశారు!

నేల మీద గీత కనిపిస్తే కొందరికి అడుగు పడుతుందని మేం చదువుకున్నదే. "ఇలా దాటడం ఎవరు నేర్పారు?" అని అడిగాను.

"నేర్పేదేంది? ముగ్గు తొక్కితే నేనూరుకోను, ఆయనకు తెలుసు" అన్నారు కోటేశ్వరమ్మగారు.

ముగ్గుపిండి అడిగి గడపకు ఇవతల, ఇంటి లోపలివైపు ఒక గీత గీశాను. ఆవిడ చూడలేకపోయారు. "ఇదేం వంకరమ్మా, ఇట్టియ్యి" అని గిన్నె లాక్కుని తిన్నగా మూడు గీశారు. అంజయ్యగారిని లోపలికి తీసుకెళ్లి మళ్లీ బయల్దేరదీశాం. ఒక గీత, రెండు, మూడు, గడప. ఆగలేదు. వాకిలి దాటి వీధిలోకి నడిచారు. "యాడికి?" అని ఆవిడ కేకేస్తే "టీకి!" అన్నారు వెనక్కి చూడకుండా. ముగ్గు గిన్నెతో ఆవిడ, నడక వీడియో తీయడానికి తెచ్చుకున్న కెమెరాతో నేను ఆయన వెనకే పరుగు.

తిరుగు బస్సులో సంతోషంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది. ఆసుపత్రి నేల మీద తెల్ల టేపులు అతికించే మేం, మీ వాకిట్లో ముగ్గు ఉందా అని ఇన్నాళ్లూ ఒక్కరినీ అడగలేదు. గీతలు అందరికీ పనిచేస్తాయని చెప్పను, డాక్టరు చెప్పకుండా మాత్ర మానొద్దని మాత్రం చెబుతాను. అటు వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఆ ఊళ్లో టీకి ఆగితే గంటసేపు చేతిలో ఉంచుకోండి. అంజయ్యగారు రాజకీయం మొదలుపెడితే మీ బస్సు పోతుంది.