అమ్మకూ మౌశికీ మలీద పంచాయితీ

మా ఖేడ్‌లో ఎవరైనా కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకుంటే, ఆటోలోంచి సామాను దిగేలోపే వాళ్ళు ఏ కులమో వాడకంతా తెలిసిపోతుంది. మౌశి విషయంలో మాత్రం వాడ ఓడిపోయింది. ఆమె దాచిపెట్టిందని కాదు. అడిగిన ప్రతివాళ్ళకూ ‘మేం యూదులం’ అని చెప్పింది. విన్నవాళ్ళే ఆ మాటను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడ్డారు.

మాకు యూదులంటే చర్చికి పోయేవాళ్ళ నోట విన్న పేరు. మనిషిని చూసింది లేదు. తీరా చూస్తే, అరవై దాటిన ఆ మనిషి సరిహద్దు అవతలి మరాఠీ ఆడవాళ్ళలాగా చీర కట్టి, జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ నంజుకొని తింటోంది. ఇంటి గుమ్మానికి వాలుగా ఒక చిన్న గొట్టం కొట్టించింది. అందులో వాళ్ళ ప్రార్థన రాసి చుట్టిన తోలుకాగితం ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. ఇంటి ఓనరు దాన్ని తాయెత్తు అనుకొని, ‘మా ఇంట్ల దయ్యాలు లేవమ్మా’ అని రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడు. శనివారం ఆమె పొయ్యి వెలిగించదు, తను నడిపే కేంద్రం తెరవదు. దానికి ఆటోస్టాండువాళ్ళు వెంటనే అర్థం చెప్పేశారు: ‘హనుమాండ్ల ఒక్కపొద్దు ఉంటదేమో.’

ముంబైలో ఆమె వాళ్ళు నలుగురు కలిసి నడిపే ధర్మసంస్థ ఒకటి ఉంది. మొదట తమవాళ్ళలోని ముసలివాళ్ళనూ, చదువుకునే పిల్లలనూ చూసుకునేవాళ్ళట. తర్వాత ఆ చుట్టుపక్కల మేడలు కట్టే కూలీల పిల్లలకూ పాఠాలు మొదలుపెట్టారు. ఆ కూలీల్లో మా వైపువాళ్ళు చాలామంది. వానలు పడగానే వాళ్ళు పిల్లలను తీసుకొని ఊళ్ళకు వచ్చేసేవాళ్ళు. చదువు అక్కడే తెగిపోయేది. ‘పిల్లలు ఎక్కడికి పోతే నేనూ అక్కడికే పోతా’ అని సంస్థ పెద్దలతో కొట్లాడి మౌశి ఇక్కడికొచ్చింది. బస్టాండు వెనక ఒక ఇల్లు తీసుకొని కేంద్రం పెట్టింది. పొద్దున ఆడవాళ్ళకు కుట్టుపని, మధ్యాహ్నం దిక్కులేని ముసలివాళ్ళకు అన్నం, సాయంత్రం పిల్లలకు బడి. బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న నన్ను సాయంత్రం బడికి టీచరుగా పెట్టుకొంది. పిల్లలే ఆమెకు మౌశి అని పేరుపెట్టారు. మరాఠీలో పిన్ని అన్నమాట.

మౌశి తెలుగు గురించి చెప్పకపోతే పాపం. ఆమె తెలుగు నేర్చుకున్నది మూడో తరగతి పిల్లల దగ్గర. అందుకని ఊళ్ళో పెద్దా చిన్నా అందరితోనూ మూడో తరగతి పిల్లలాగే మాట్లాడేది. కరెంటు ఆఫీసులో సారుతో, ‘నా నంబర్ ముందుగాల, నువ్వు జరుగు’ అంది. ఓనరు నీళ్ళ మోటరు సంగతి తేల్చకపోతే, ‘తొండి! నువ్వు తొండి చేస్తున్నవ్, నేను నీతోటి ఆడ’ అని ముఖం తిప్పుకొంది. మోటరు మర్నాడే బాగైంది.

ఇక మా అమ్మ. అమ్మకు ఎడమ కంట్లో పొర ముదిరింది. కుడికంట్లో అప్పుడే మొదలైంది. ఉప్పనుకొని చారులో చక్కెర వేసి, నా నాలుకే తేడా చేసిందని నన్నే తిట్టేది. మౌశి కేంద్రం నుంచి నెలనెలా కొందరిని జీపులో సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయి కళ్ళ ఆపరేషన్ చేయిస్తోందని చెప్పి, నువ్వూ పో అని ఎంత బతిమాలినా వినలేదు.

‘ఉత్తగనే ఎందుకు చేస్తరే? ఎవలకు పుణ్యానికొచ్చింది? కండ్లు తెరిచి చూసేసరికి మతంల కలిపేస్తరు’ అంది.

ఆ మాట మౌశి దగ్గరే తేల్చుకోమని ఒకరోజు కేంద్రానికి తీసుకుపోయాను. అమ్మ గుమ్మం దగ్గరే ఆగి, నడుం మీద చెయ్యి పెట్టి అడిగేసింది.

‘ఏమమ్మా, నన్ను మీ మతంల కలుపుతవా?’

మౌశి కంగారుపడింది. ‘లేదు లేదు. మేం ఎవ్వరినీ కలుపుకోం. ఎవరన్న వచ్చి నేను కలుస్తా అన్నా, ముందుగాల వద్దంటం. వాపస్ పంపుతం.’

అమ్మ వెంటనే ఇంటిదారి పట్టింది. నేను గెలిచాననుకున్నాను. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ మొదలుపెట్టింది.

‘ఎందుకట? మనమేం తక్కువున్నమా? వాళ్ళు పిలిచి, నేను రాను అంటే అదొక ముచ్చట. పిలవనే పిలవరట! వాపస్ పంపుతరట!’

కలుపుకుంటారేమోనని మొన్నటిదాకా భయం. కలుపుకోరని ఇప్పుడు కోపం. ఆ రాత్రి అన్నం కూడా ముక్తసరిగా తింది. దవాఖాన మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

కొన్నాళ్ళకు కుట్టుపని నేర్చుకున్న ఆడవాళ్ళకు బడిపిల్లల బట్టలు కుట్టే పని దొరికింది. దానికోసం మౌశి ఎప్పుడో మొక్కుకుందట. ఆ మొక్కు చెల్లించడానికి ముంబై నుంచి వాళ్ళ సంస్థ పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. తలకు చిన్న టోపీలు పెట్టుకొని, ఒక పళ్ళెం ముందు కూర్చొని, మాకు తెలియని భాషలో పాట పాడారు. పళ్ళెంలో తడిపిన అటుకులు, కొబ్బరి, చక్కెర, ఏలకులు, ముక్కలు కోసిన పళ్ళు. వాళ్ళ ప్రవక్త ఒకాయన పేరు మీద చేసే మొక్కట అది. పాట అయిపోగానే మౌశి ఆ పళ్ళెం ఎత్తుకొని అందరికీ పంచింది.

‘తీసుకో, మలీద.’

అంతమంది పోతుంటే ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక అమ్మ కూడా వచ్చింది. అరచేతిలో పెట్టుకొన్నది నోట్లో వేసుకొని, నమిలి, ఆగింది.

‘ఏందిది?’

‘మలీద.’

‘గిది మలీదనా? గివి అటుకులు.’

‘మలీదే. మా తాతల కాలం నుంచి మలీదే’ అంది మౌశి.

‘మలీద అంటే రొట్టె. వేడి రొట్టెను చేత్తోటి మెత్తగ నలిపి, బెల్లం ఏసి, నెయ్యి ఏసి ముద్ద కడ్తం. బతుకమ్మ ఆడినంక చెరువుకాడ పంచుకుంటం. గీ అటుకులకు గా పేరెట్ల పెడ్తవమ్మా?’

‘నీది రొట్టె మలీద. నాది అటుకుల మలీద. రెండూ మలీదే.’

‘రెండెట్లయితయ్? ఒక్కటే ఉంటది.’

‘తొండి!’ అంది మౌశి వేలు చూపిస్తూ. ‘నువ్వు తొండి చేస్తున్నవ్!’

చిన్నప్పుడు గుజ్జనగూళ్ళ ఆటలో తప్ప ఆ మాట అమ్మతో ఇంకెవరూ అని ఉండరు. అమ్మ మొదట నోరు తెరిచింది. తర్వాత పైట అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. ముంబై పెద్దమనుషులకు ఏమీ అర్థం కాక వాళ్ళూ మర్యాదగా నవ్వారు.

మర్నాడు పొద్దున్నే లేచి అమ్మ సజ్జరొట్టెలు కాల్చింది. బెల్లం దంచి, నెయ్యి పోసి, ముద్దలు కట్టి, స్టీలు డబ్బాలో పెట్టుకొని మధ్యాహ్నం భోజనాల వేళకు కేంద్రానికి చేరింది. మౌశి కూడా అటుకులు తడిపి సిద్ధంగా ఉంది. ఏది అసలు మలీదో భోజనానికొచ్చే ముసలివాళ్ళు తీర్పు చెప్పాలని ఒప్పందం. వాళ్ళు ఇదొక ముద్ద, అదొక పిడికెడు తిన్నారు. మళ్ళీ అదొక పిడికెడు, ఇదొక ముద్ద తిన్నారు. డబ్బా, పళ్ళెం రెండూ ఖాళీ అయ్యాక కల్హేర్ నుంచి వచ్చే తాత ఒకాయన మీసం తుడుచుకొని, ‘ఇప్పుడే చెప్పరాదు. ఇంకొక్కపారి తింటెగాని సమజ్ కాదు’ అన్నాడు. మిగతా అందరూ నిజమే నిజమే అన్నారు.

అసలు సంగతి తర్వాత జరిగింది. అందరూ వెళ్ళాక మౌశి అమ్మను వంటగదిలోకి పిలిచింది. నేను అక్కడే గిన్నెలు సర్దుతున్నాను. తన వాటా ముద్దను మౌశి తినలేదు. విప్పి చూపించింది. అందులో బెల్లం సంచి పీచు, వేలెడంత. అమ్మ కంటికి అది ఆనలేదు. అంతమందిలో ఆ మాట ఎత్తకుండా మౌశి ముద్దను కొంగులో దాచిందన్నమాట.

అమ్మ ముఖం చిన్నబోయింది. మౌశి ఓదారుస్తుందని నేననుకున్నాను. ఆమె ఓదార్చలేదు.

‘చూడు, నీకు మోతిబిందు, కంట్ల పొర. కండ్లు కనబడవు. కండ్లు కనబడనిదానితోటి గెలిస్తే నాకేం ఇజ్జత్? ఆపరేషన్ చేపిచ్చుకొని రా. అప్పుడు ఆడుదాం.’

నేను ఏడాదిగా బతిమాలి, ఏడ్చి, అలిగి సాధించలేనిది ఆ మాట సాధించింది. ‘ఎప్పుడు పోతది నీ జీపు?’ అంది అమ్మ.

దవాఖానలో మాత్రం ఆ రోషమంతా కారిపోయింది. ఆకుపచ్చ గౌను తొడిగి, కన్ను పైన గుర్తు పెట్టి, వరుసలో కూర్చోబెట్టగానే అమ్మ నా చెయ్యి వదిలి మౌశి చెయ్యి పట్టుకొంది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. మౌశి కళ్ళు మూసుకొని ఏదో మెల్లగా చదువుతోంది.

‘ఏం చదువుతున్నవ్?’ అంది అమ్మ.

‘నీకు బాగ కావాలని.’

‘కలుపుతలేవు గద?’

‘అరే! కలుపుకోం అని చెప్పిన గద!’

‘అవ్‌ అవ్. మీకు మేం పనికిరాం’ అంది అమ్మ. అలా గొణుగుతూనే లేచి లోపలికి నడిచి వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక మౌశి నా వైపు చూసి, ‘మీ అమ్మ చానా జిద్దు, చానా మొండి’ అని కళ్ళు తుడుచుకొంది.

మర్నాడు కట్టు విప్పారు. అమ్మ రెప్పలాడించి, ఎదురుగా నిలబడ్డ మౌశిని పైనుంచి కిందిదాకా చూసింది.

‘ఓయమ్మో, నువ్వు గింత ముసల్దానివా! నాకంటె చిన్నదానివనుకొని ఇన్నొద్దులు ఏదేదో అంటి.’

తిరిగొచ్చే దారంతా జీపు కిటికీలోంచి చేలు చూస్తూ, ‘గది కంది, గది పెసర’ అని మౌశికి చెప్పుకుంటూ వచ్చింది. చాలావరకు సరిగ్గానే చెప్పింది.

ఆ తర్వాత అమ్మ కేంద్రం మనిషైపోయింది. ముసలివాళ్ళకు వడ్డన తన చేతిలోకి తీసుకొంది. పప్పు పలచనైతే వంటామెను, పళ్ళెంలో వదిలేస్తే తినేవాళ్ళను తిట్టేది. కేంద్రంలో మాంసం కూర వండరు. వాళ్ళ ధర్మం ప్రకారం మాంసానికి సవాలక్ష పట్టింపులట, అందుకని మౌశి అసలు ఆ జోలికే పోదు. ‘ఐతారం నాడు కూడ పప్పేనా’ అని ఎవరైనా గొణిగితే, మౌశి కంటే ముందు అమ్మ లేచేది. సిర్గాపూర్ నుంచి వచ్చిన ఒకామె, ఆపరేషన్ అనగానే అమ్మ ఒకప్పుడు అడిగిందే అడిగింది, మతంలో కలుపుతారా అని. అమ్మ గరిటె పక్కన పెట్టి ఆమె ముందు కూర్చొంది. ‘దినాం ఈడనే సస్తున్న, నన్నే కలుపుకుంటలేరు. నిన్ను కలుపుకుంటరా? నడువ్, జీపెక్కు’ అంది. ఆమె ఎక్కింది.

ముంబైకీ హైదరాబాద్‌కూ కూలికి పోయినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ముసలవ్వల దగ్గర ఉండి సాయంత్రం బడికి వస్తున్నారు. వాళ్ళు లెక్కలు చేస్తుంటే అమ్మ గోడకానుకొని కూర్చొని, ఎవరి తలలో పేలున్నాయో ఆ కొత్త కంటితో కనిపెడుతుంది. దానివల్ల కొందరు బడి ఎగ్గొట్టారు కూడా. ఆ మాట అంటే అమ్మకు కోపం వస్తుంది.

మొన్న ఎండాకాలంలో ఒక శనివారం నేనూ అమ్మా మౌశి దగ్గరికి పోయాం. కేంద్రానికి సెలవు. మౌశి తన గదిలో చెమటలు కక్కుతూ పుస్తకం చదువుకుంటోంది. పైన ఫ్యాన్ ఆగి ఉంది.

‘కరెంటున్నది గద. ఫ్యాన్ ఎందుకు బంద్ పెట్టినవ్?’ అంది అమ్మ.

‘నిన్న పొద్దుగూకకముందే ఏసి పెట్టాలె. మర్చిపోయిన. శనివారం స్విచ్ ముట్టను.’

‘నేను ఎయ్యనా?’

మౌశి ఇబ్బందిగా కదిలింది. ‘నా కోసం ఎయ్యొద్దు. ఎయ్యమని నేను అడగొద్దు. మా రివాజ్ అట్లుంటది.’

అమ్మ కాసేపు ఆలోచించింది. అది అవమానమో కాదో చూసుకుంటోందని నాకు తెలుసు. తర్వాత లేచి, గోడ దగ్గరికి పోయి, ఫ్యాన్ పూర్తి స్పీడులో పెట్టింది. సరిగ్గా దాని కింద చాప పరుచుకొంది.

‘నాకు ఉడుకపోస్తున్నది. నా కోసం నేను ఏసుకున్న. పక్కనున్నోళ్ళకు గాలి తాకితే నేనేం చెయ్యాలె?’

పుస్తకం పేజీలు ఎగురుతుంటే మౌశి బొటనవేలితో నొక్కిపెట్టి చదువుకోసాగింది. అమ్మ చాప మీద అటు తిరిగి పడుకొని, నాలుగు మాటలు మాట్లాడేలోపే గురక పెట్టింది. నేను ఇద్దరి మధ్యా కూర్చొని పిల్లల ఎక్కాల నోట్‌బుక్కులు దిద్దుకున్నాను.