యూనుస్ స్టూడియోకు కొత్త లాప్‌టాప్

చెన్నూరు బస్టాండు వెనక వీధిలో యూనుస్‌కు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్ల పని అంతా డ్రోన్లు పట్టుకొచ్చిన కుర్రాళ్లు ఎగరేసుకుపోయినా, ఒక్క పని మాత్రం చుట్టుపక్కల పల్లెల నుంచి అతని దగ్గరికే వచ్చేది. చనిపోయినవాళ్ల పటాలు. బతికుండగా ఒక్క మంచి ఫొటో కూడా దిగని మనుషుల ముఖాలను ఆధార్ కార్డు మీది నుంచో, ఎవరి పెళ్లి ఫొటోలోనో వెనక వరుసలోంచో తీసి, కంప్యూటర్లో ఓపిగ్గా సరిచేసి, గోడకు తగిలించుకునేంత పటం చేసి ఇచ్చేవాడు. పటం చూడగానే వాళ్లు ఏడుస్తారని అతనికి తెలుసు. అందుకే చేతికిచ్చి, ఏదో పనున్నట్టు లోపలికి పోయేవాడు.

కొన్నాళ్లుగా ఆ పని చెడుతూ వచ్చింది. ఒకరి పటంలో ఒక కన్ను పైకి, ఒకటి కిందికి వచ్చింది. యాదవ్వ అనే ముసలామె తన భర్త పటాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మా ఆయన నల్లగుంటుండె బిడ్డా. గీయనెవరో కామెర్లచ్చినట్టున్నడు."

యూనుస్ సిగ్గుపడి కంప్యూటర్‌ను తిట్టుకున్నాడు. పాతబడిపోయింది, తెరకు రంగులు తెలియడం లేదనుకున్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర కొత్త లాప్‌టాప్ కొందామన్నాడు.

అందరికంటే ముందు సంబరపడింది ఇంటర్ చదువుతున్న కూతురు ఇఖ్రా. ఫోన్లో కార్ల ఆట ఆడితే అది పెనంలా కాలేది మరి. భార్య అంబ్రీన్ పత్తి మిల్లులో లెక్కలు రాసేది. ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంటే సగం పని ఇక్కడే చేసుకోవచ్చని ఆమె ఆశ.

"అమ్మీ లెక్కలకు ఏదైనా నడుస్తది అబ్బా. నీ ఫొటోలకే స్క్రీన్ మంచిది గావాలె, రంగులు కరెక్టు చూపియ్యాలె. జర గ్రాఫిక్స్ కార్డు కూడ ఉంటే..." అని ఇఖ్రా తండ్రి దగ్గర నసిగింది.

"ఉంటే నీ కార్లు ఉరుకుతయి. అంతే గదా?" అన్నాడు యూనుస్. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆదివారం ముగ్గురూ కరీంనగర్ పోయారు. దుకాణంలో వెంకటేశ్ అనే సేల్స్‌మన్ మర్యాదగా కూర్చోబెట్టాడు. యూనుస్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో పోశవ్వ అనే ఆమె పటం ఉంది. సగమే అయింది. ఆమె ముఖం చూస్తే ఏ తెర మంచిదో తేలిపోతుందని అతని నమ్మకం.

మొదటి లాప్‌టాప్‌లో పోశవ్వ ముఖం తెరుచుకుంది. ముక్కు మీద బూడిద రాసినట్టు ఒక మచ్చ.

"దీని తెర ఖరాబున్నది తమ్మీ."

వెంకటేశ్ గుడ్డతో తుడిచాడు. మచ్చ పోలేదు. రెండోది తెచ్చాడు. అందులోనూ అదే చోట మచ్చ. మూడోది ఇఖ్రా మనసుపడ్డది, అన్నింటిలో ఖరీదైనది. దాని మీదా మచ్చ కనిపించేసరికి యూనుస్‌కు కోపం వచ్చింది.

"పల్లెటూరోళ్లమని ఖరాబు మాలు అంటగడుతున్నవా?"

వెంకటేశ్ బిత్తరపోయాడు. "అయ్యో, కొత్తయి భాయ్! ఇప్పుడే డబ్బా ఇప్పిన గదా!"

ఇఖ్రా తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "అబ్బా, మచ్చ లేదు."

"గుడ్డిదానివా? గీ ముక్కు మీద..." అని వేలు పెట్టి చూపించబోయాడు. చూపు వేలి వైపు జరిగింది, మచ్చ కూడా జరిగింది. తలెత్తి వెంకటేశ్‌ను చూశాడు. అతని ముక్కు, మూతి ఉండాల్సిన చోట అదే బూడిద. కూతురి వైపు తిరిగాడు. అక్కడా అదే.

పోశవ్వ ఫొటోను అంబ్రీనే మూసి, పెన్‌డ్రైవ్ తీసి సంచిలో వేసుకుంది.

మర్నాడు కరీంనగర్‌లోనే కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. షుగర్ ఎన్నేళ్ల నుంచని అడిగింది. చాలా ఏళ్లయిందని, గుర్తున్నప్పుడు గోళీ వేసుకుంటానని అతను చెప్పాడు.

"కంటి లోపలి పొర దెబ్బతిన్నది. కుడి కన్ను చూపు పోయినంత పోయింది, మళ్ల రాదు. ఎడమ కంటికి సూదులేద్దాం. నిలబడితే నిలబడతది."

"ఫొటోల పని చెయ్యొచ్చా మేడమ్?"

ఆమె చీటీ రాయడం ఆపింది. "దాని మీద ఆశ పెట్టుకోకుండ్రి," అంది.

తిరిగి బస్టాండుకు పోయే దారిలోనే ఆ దుకాణం. లోపలికి పోదామని యూనుసే అన్నాడు. ఖరీదైనది అక్కర్లేదని, అంబ్రీన్ లెక్కలకు సరిపోయేది చాలని చెప్పాడు.

"మంచిదే తీసుకుందం జీ," అంది అంబ్రీన్. "నీ కన్ను నిలబడితే మళ్ల నీకే పనికొస్తది."

"వద్దు."

"నాకు గేములు వద్దు అబ్బా. అసలు ఆడబుద్ధయితలేదు," అంది ఇఖ్రా తొందర తొందరగా. డాక్టర్ మాటకు కదలనివాడు ఆ మాటకు మొహం తిప్పుకున్నాడు.

"ఫొటోలకన్నరు గదా భాయ్?" అని వెంకటేశ్ అడిగాడు.

"లేదు తమ్మీ, ఆఫీసు పనికే."

యూనుస్ సూదులు వేయించుకున్నాడు. వానలు పడేసరికి ఎడమ కన్ను కూడా మసకబారింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కొత్త లాప్‌టాప్ తెరిచి, పోశవ్వ ముఖాన్ని తెర నిండా పెద్దది చేసి, తల పక్కకు వంచి సరిచేయబోయాడు. సాయంత్రం అంబ్రీన్ చూస్తే ముఖమంతా చెదిరిపోయి ఉంది.

పోశవ్వ కొడుకు నాగరాజు పటం కోసం వచ్చాడు. యూనుస్ ఆమె ఆధార్ కార్డు తిరిగి ఇచ్చేశాడు.

"మంచిర్యాలల చేపిచ్చుకో నాగరాజు. నాతోటి అయితలేదు."

"అట్లంటే ఎట్ల భాయ్? మా బాపు పటం నువ్వే చేస్తివి. ఇద్దరివి పక్కపక్కన పెడదామనుకుంటి."

నాగరాజు కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. వానలు తగ్గాక స్టూడియో ఖాళీ చేశారు. అందులో ఇప్పుడు ఎవరో చెప్పుల దుకాణం పెట్టుకున్నారు.

యూనుస్ రోజంతా ఇంటి అరుగు మీదే ఉంటాడు. ఎవరినైనా సూటిగా చూస్తే ముఖం ఉండదు. తల పక్కకు తిప్పి కంటి కొసతో చూస్తే కాస్త దొరుకుతుంది. ఇఖ్రా కాలేజీ నుంచి వచ్చి ఆ రోజు సంగతులు చెబుతుంది. తండ్రి ఎటో చూస్తున్నాడనుకుని, లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంటుంది. సరిగ్గా అక్కడే ఆమె అతనికి కనిపించదు. ఆ సంగతి అతను ఇంతవరకు ఆమెకు చెప్పలేదు.